మందకుక్క కుంటుతోందా? చేయవలసినవి, చేయకూడనివి

కోసిగి చుట్టుపక్కల గొర్రెల మందకు కాపలా ఉండే కుక్క తెల్లారింది మొదలు బీళ్ళలో, రాతిగుట్టల మీద తిరుగుతూనే ఉంటుంది. అది కుంటితే ముల్లు గుచ్చుకుందిలే అనుకుంటాం. చాలాసార్లు ముల్లే అయివుంటుంది. అయినా కాలు పట్టుకునే ముందు నడక చూడండి. నొప్పి ఎక్కడుందో నడకే చెబుతుంది.

చేయవలసినవి

మొదట ఏ కాలో తేల్చుకోండి. కుక్క ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళ మీదే పడుతుంది. అందుకే ముందుకాలు నొప్పిగా ఉంటే తల ఊపులో తెలిసిపోతుంది. నొప్పికాలు మోపినప్పుడు తల పైకెత్తుతుంది, మంచికాలు మోపినప్పుడు దించుతుంది. తల దిగిన వైపే దెబ్బ తగిలిందనుకుని చాలామంది మంచికాలికి మందు రాస్తారు. వెనుక కాలైతే తుంటిని చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా ఎగిరి పడుతుంది.

మెల్లగా నడిచేటప్పుడు రెండు మూడు కాళ్ళు నేల మీదే ఉంటాయి కాబట్టి కొద్దిపాటి కుంటు బయటపడదు. తాడు వదులుగా పట్టుకుని, చదునైన నేల మీద చిన్నగా పరుగెత్తించండి. అప్పుడు ఒక పక్క ముందుకాలు, అవతలి పక్క వెనుకకాలు కలిసి పడతాయి. ముందు బరువంతా ఒక్క కాలే మోయాలి గనుక కుంటు దాగదు. కాలు బొత్తిగా మోపలేని కుక్కను మాత్రం పరుగెత్తించవద్దు.

ఆ నడకను ఎదురుగా, వెనుకనుంచి, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయండి. ఆసుపత్రిలో కొత్త మనుషులను చూసి బెదిరిన కుక్క కుంటకుండా నడవవచ్చు. అడుగు ఎంత బలంగా పడిందో కొలిచే పలకలు పరిశోధనశాలల్లో ఉంటాయి. మన పశువుల డాక్టరుకు మీ వీడియోనే ఆధారం.

తర్వాత మూతికి మెత్తని గుడ్డ కట్టి వేళ్ళ సందులు వెతకండి: పల్లేరుకాయ, కంపముల్లు, విరిగిన గోరు. నొప్పితో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి ఆడక ఎగశ్వాస పడుతున్నా మూతి కట్టకూడదు. కాలు వేలాడుతుంటే పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్ళండి. సంచార పశువైద్య సేవల నంబరు 1962.

చేయకూడనివి

మనం వేసుకునే నొప్పి మాత్రలు వేయకండి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కాలేయాన్ని పాడుచేస్తుంది. మనిషికి వేసేదాంట్లో సగమే వేస్తున్నాం కదా అని లెక్క కట్టడం ప్రమాదం.

కాలు లాగి సరిచేయబోవద్దు. బిగుతుగా కట్టు కట్టవద్దు, రక్తం ఆడక కాలే పోవచ్చు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించవద్దు, అరికాళ్ళు కాలిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. వెనుక కాళ్ళు తూలుతూ, దవడ జారి, చొంగ కారుతుంటే అది ముల్లు కాకపోవచ్చు. రేబిస్‌లో పక్షవాతం రూపం ఇలాగే ఉంటుంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చేయి పెట్టవద్దు. పిల్లలను దూరంగా ఉంచి డాక్టరుకు చెప్పండి. కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. కారం, సున్నం పెట్టకండి. లక్షణాలు కనిపించాక రేబిస్‌కు మందు లేదు. అందుకే సుగ్గికి, అంటే పనుల కోసం వలస, ఊరు విడిచి వెళ్ళేవాళ్ళు కూడా బయలుదేరేలోపే తమ కుక్కకు ఆ ఏటి రేబిస్ టీకా వేయించి వెళ్ళండి.