లేవని సర్వరును లేపు విద్య

ప్రతి మాసమున రెండవ మంగళవారము, అమెరికాలో గడియారములు ముందుకు జరిపిన కాలమున మనకు రాత్రి 10.30 గంటలకును, తక్కిన కాలమున 11.30 గంటలకును, మైక్రోసాఫ్ట్ సంస్థ తన భద్రతా ప్యాచ్‌లను విడుదల చేయును. 2003 అక్టోబరు మొదలుకొని నడచుచున్న ఈ ఆచారము వలన, మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కార్యాలయములలో సర్వర్ల సంరక్షణయే వృత్తిగా గల యువతీయువకులు, ఆ ప్యాచ్‌లను సర్వర్లకు వేయుటకై, ఎన్నో వారాంతపు రాత్రులను మేలుకొని గడపుదురు. కోడింగు వచ్చినవారికే గాని తక్కినవారికి ఈ రంగమున తావు లేదని తలపోయు విద్యార్థులు ఆ రాత్రులలో జరుగు పనిని ఒకమారు పరిశీలింపవలెనని నా కోరిక. ఏలయన, ప్యాచ్ వేయుట నానాటికి యంత్రముల పాలగుచున్నది గాని, ప్యాచ్ వేసిన పిమ్మట లేవని సర్వరును లేపుట ఇప్పటికిని చాలవరకు మనుష్యుని వివేకము మీదనే ఆధారపడియున్నది.

2020 జులై 29వ తేదీన గ్రబ్ అను బూట్‌లోడరులో ‘బూట్‌హోల్’ అను లోపము వెల్లడియైనది. లినక్సు సర్వరు మేల్కొనునప్పుడు ఆదిలోనే నడచు ప్రోగ్రామునకు సంబంధించిన లోపము గనుక, రెడ్ హ్యాట్ సంస్థ గ్రబ్‌కును, దానిని లేపు షిమ్ అను ప్యాకేజీకిని వెంటనే ప్యాచ్‌లు వెలువరించినది. వానిని వేసికొన్న సర్వర్లలో అనేకములు, రీబూట్ చేసినంతనే, గ్రబ్ మెనూ సైతము కనబడకుండ నిలిచిపోయినవి. కొలది దినములలో సరిచేసిన షిమ్ వచ్చినది. ఇందు విద్యార్థి గుర్తింపవలసిన విశేషమొకటి కలదు: ప్యాచ్ వేసిన క్షణమున ఏ దోషమును కానరాలేదు, రీబూట్ చేయని సర్వరు నిశ్చింతగా తన పని తాను చేసికొనుచునే యుండెను. మరల 2022 జనవరి 11వ తేదీ ప్యాచ్‌ల వలన విండోస్ డొమైన్ కంట్రోలర్లు పదేపదే తమంత తాము రీస్టార్ట్ కాజొచ్చినవి. 17వ తేదీన ప్రత్యేక సవరణ వచ్చువరకు, లాగిన్‌ల కొఱకు వానిమీద ఆధారపడిన ఇతర సర్వర్లు, తమలో ఏ లోపమును లేకున్నను, ఇక్కట్లపాలైనవి.

ఈ ఆధారక్రమమును ఎఱుగుటయే ఈ వృత్తికి ప్రాణము. లినక్సున సేవలను లేపు సిస్టమ్‌డి యందు రిక్వయర్స్, ఆఫ్టర్ అను రెండు నియమములున్నవి. మొదటిది, ఫలానా సేవ లేనిదే ఈ సేవ నడవరాదని చెప్పును. రెండవది, ఫలానా సేవ లేచిన తరువాతనే ఇది లేవవలెనని చెప్పును. మొదటిది వ్రాసి రెండవది మఱచినచో రెండు సేవలును ఏకకాలమున మొదలగును. ఒకనాడు ఇది ముందు, ఒకనాడు అది ముందు సిద్ధమగును. వేగమును రవంత మార్చు ప్యాచ్ ఒకటి వచ్చువరకు ఆ తప్పు సంవత్సరముల తరబడి దాగియుండగలదు. సేవలు వలయముగా ఒకదాని కొకటి ఎదురుచూచినచో, సిస్టమ్‌డి ఆ వలయమును త్రెంచుటకై వానిలో నొకదానిని ప్రారంభింపకయే విడిచిపెట్టును. బూట్ సమయమున జోడింపవలసిన డిస్కుల పట్టికయగు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలున వ్రాయబడిన డిస్కు కానరానిచో, సాధారణముగా 90 సెకన్లు వేచి, సర్వరు ఎమర్జెన్సీ మోడ్‌లోనికి పోవును. అప్పుడు నెట్‌వర్కు ఉండదు, దూరమునుండి లాగిన్ అగుటకైన ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు, దూరముననున్నవారికి కన్సోలు ఒక్కటే దిక్కు. విండోస్‌లో ఒక సేవను లేపునప్పుడు 1068 అను ఎర్రర్ సంఖ్య కనబడినచో, లేవనిది ఆ సేవ యొక్క ఆధారమని గ్రహింపవలెను.

క్రమము ఎంత సూక్ష్మమైనదో 2023 మార్చి 8వ తేదీన డేటాడాగ్ సంస్థకు కలిగిన అంతరాయము తెలుపును. ఉబుంటు 22.04 సర్వర్లలో సిస్టమ్‌డి ప్యాచ్ తనంత తానే పడి, నెట్‌వర్క్‌డి అను సేవ రీస్టార్ట్ అయినది. అది లేచుచునే, తాను ఎఱుగని రూట్‌లను, అనగా కంటైనర్ల నెట్‌వర్కును నడుపు సిలియమ్ చేర్చిన మార్గములను, తుడిచివేసినది. బూట్ సమయమున నెట్‌వర్క్‌డి ముందు, సిలియమ్ తరువాత లేచును గనుక ఆ దోషము అంతకుముందు బయటపడుట కవకాశమే లేకపోయెను.

ఈ విద్యకు ఖరీదైన సామగ్రి అక్కఱలేదు. ఇంటి కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ యందు ఉచితముగా లభించు ఆల్మాలినక్స్‌ను గాని రాకీ లినక్స్‌ను గాని స్థాపించి, స్నాప్‌షాట్ తీసికొని, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లేని డిస్కు పేరు బుద్ధిపూర్వకముగా వ్రాసి రీబూట్ చేయవలెను. తెరపై ఏమి కనబడినది, ఏ దశలో ఆగినది, ఏ మార్గమున తిరిగి లేచినది అను సంగతులు పుస్తకమున వ్రాసికొనవలెను. అమీర్‌పేట శిక్షణ సంస్థలలో ఆదేశములను వల్లెవేయించుట సులభము గాని, చెడిన యంత్రమెదుట ఒంటరిగా కూర్చుండు అనుభవమును ఎవరికి వారే సంపాదించుకొనవలెను. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష యంత్రముమీద పనిచేసి చూపవలసిన పరీక్ష; బూట్‌ను నడుమ ఆపి వ్యవస్థలోనికి ప్రవేశించుట దాని పాఠ్యాంశములలో ఒకటి. ఆ పరీక్షను నేను నిస్సంకోచముగా సిఫారసు చేయుదును.

ప్యాచ్ తరువాత సర్వరు రాలేదు, ఏమి చేయుదువని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, మరల మరల రీబూట్ చేసి చూతునను అభ్యర్థి నిలువలేడు. కన్సోలు తెఱచి, ఆగినది ఫర్మ్‌వేరు దశయందా, గ్రబ్‌నందా, కెర్నల్‌నందా, సేవలయందా యని మొదట నిర్ణయించెదనని చెప్పవలెను. రెడ్ హ్యాట్ తరగతి లినక్సు సాధారణముగా 3 కెర్నళ్లను నిలువయుంచును గనుక, గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎన్నుకొని, జర్నల్‌సీటీఎల్ ద్వారా లాగ్‌లను చదివి, అవసరమైనచో డీఎన్‌ఎఫ్ హిస్టరీ ద్వారా ప్యాచ్‌ను వెనుకకు తీసెదనని చెప్పవలెను. మిగిలిన సర్వర్లకు ఆ ప్యాచ్ పోకుండ మొట్టమొదటనే ఆపించెదనని చేర్చినవాడు నా దృష్టిలో అప్పటికే సగము ఇంజనీరు.

రాత్రి పని అందరికిని సరిపడదు. ఆరోగ్యమును, ఇంటి పరిస్థితులను తలచుకొని ఈ దారి ఎన్నుకొనవలెను. సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా చేరినవారు కాలక్రమమున సైట్ రిలయబిలిటీ ఇంజనీర్లు కావచ్చును. తొలి సంవత్సరముననే అలవరచుకొనదగిన పద్ధతులు రెండు కలవు. ప్యాచ్ వేయుటకు పూర్వమే సర్వరును ఒకమారు రీబూట్ చేసి చూచినచో, అదివరకే దాగియున్న దోషము ప్యాచ్ నెత్తిన పడదు. జంటగా నిలిచిన డొమైన్ కంట్రోలర్లు రెండింటికిని ఒకే రాత్రి ప్యాచ్ వేయరాదని ఛేంజ్ రిక్వెస్టులో వ్రాయించుట, నిన్ననే చేరిన ఉద్యోగికిని చేతనైన పనియే.