అడ్డు లేకుండానే పేగు ఆగిపోతే

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. మూడేళ్లుగా కడుపు ఉబ్బిపోయి, గ్యాస్ పోక, తిన్నదంతా వాంతి చేసుకుంటోంది. పేగులో అడ్డు ఉందని రెండుసార్లు ఆపరేషన్ చేశారు, లోపల ఏమీ లేదన్నారు. టీబీ మందులూ వాడాం. ఇప్పుడు ‘విసెరల్ మయోపతి’ అంటున్నారు. బంధువులేమో లావవుతానని తిండి మానేసిందంటున్నారు, ఆకుకూరలు, పండ్లు బాగా పెట్టమంటున్నారు. 48 కిలోల పిల్ల 38కి వచ్చేసింది. ఏం పెట్టాలి, ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ మాటలు చెవిన పెట్టకండి. మీ అమ్మాయి కావాలని తిండి మానడం లేదు. తిన్నదాన్ని ఆమె పేగు ముందుకు నెట్టలేకపోతోంది.

పేగు గోడలో గుండ్రంగా ఒక కండరం పొర, నిలువుగా ఇంకో పొర ఉంటాయి. అవి బిగుస్తూ వదులవుతూ ఆహారాన్ని కిందికి నడిపిస్తాయి. ఈ జబ్బులో ఆ కండరమే బలహీనం. ఎక్స్‌రేలో అచ్చం అడ్డుపడినట్టే ఉబ్బిన పేగు, అందులో గాలి, నీళ్లు కనిపిస్తాయి. కోసి చూస్తే అడ్డేమీ ఉండదు. మన దగ్గర పేగు టీబీ ఎక్కువ కనుక డాక్టర్లకు ముందు ఆ అనుమానం రావడం సహజమే. కానీ ఇక మీదట సీటీ స్కాన్‌లో అడ్డు ఉందని తేలనిదే ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. కోసిన ప్రతిసారీ పేగులు ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంది. అప్పుడు నిజమైన అడ్డే పడవచ్చు.

ఇక తిండి. మామూలు మలబద్ధకానికి మంచిదైన పీచే ఈమెకు హాని చేస్తుంది. గోంగూర, మునగాకు, జామకాయ, ఇసబ్‌గోల్ అన్నీ కదలని పేగులో పేరుకుపోతాయి. పీచు, నూనె తగ్గించి కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టండి. బాగా ఉడికి మెత్తబడిన అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, వడగట్టిన సూప్, పడితే పలుచని మజ్జిగ. ఉబ్బరం పెరిగిన రోజున ద్రవాహారమే ఇవ్వండి.

కడుపునొప్పి అనగానే మందుల షాపులో చేతిలో పెట్టే డైసైక్లోమిన్ వద్దు. అది పేగును ఇంకా మందగింపజేస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులూ అంతే. ప్రుకలోప్రైడ్, పిరిడోస్టిగ్మిన్ కొందరికి పనిచేస్తాయి, కొందరికి పనిచేయవు. డాక్టర్ పర్యవేక్షణలో వాడి చూడాల్సిందే. ఆహారం నిలవుండే చోట బ్యాక్టీరియా పెరిగి ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. దానికి రిఫాక్సిమిన్ వంటి యాంటీబయాటిక్స్ మధ్యమధ్య కోర్సుగా ఇస్తారు. బి12, ఐరన్, విటమిన్ డి పరీక్షలు చేయించండి. మూత్రాశయంలోనూ ఇలాంటి కండరమే ఉంటుంది కనుక మూత్రం పూర్తిగా వస్తోందో లేదో అమ్మాయిని అడగండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఆ బరువు. అయిదో వంతు తగ్గిపోయింది. ఇంటి తిండితో దాన్ని పూడ్చాలని చూడకండి. ఈ వారంలోనే పెద్ద గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగంలో చూపించండి. సన్నని గొట్టం ద్వారా చిన్నపేగులోకి ఆహారం ఇవ్వవచ్చు. అదీ పడకపోతే రక్తనాళం ద్వారా పోషకాలు ఇస్తారు. ఇంత చిక్కిన మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పోషణ ఇస్తే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మొదలుపెట్టేది ఆసుపత్రిలోనే. ఈలోగా పచ్చటి వాంతులు, జ్వరం, రాయిలా గట్టిపడ్డ కడుపు, గ్యాస్ అసలే పోకపోవడం – ఇందులో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఇది వంశపారంపర్యమా? అమ్మాయికి పెళ్లి చేయవచ్చా? తమ్ముడికి కూడా వస్తుందా?

జవాబు: ఈ కండర లోపానికి తెలిసిన కారణాల్లో ముఖ్యమైనది ఏసీటీజీ2 అనే జన్యువులో మార్పు. అది తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు, ఇంట్లో ఎవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టనూవచ్చు. ఆ మార్పు ఉన్నవారి ప్రతి బిడ్డకూ అది చేరే అవకాశం సగానికి సగం. రక్తపరీక్షతో తెలుస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ముందు అమ్మాయికి పరీక్ష చేయించండి. మార్పు దొరికితే మీ ఇద్దరికీ, బాబుకీ చేయించాలా అన్నది వాళ్లే చెబుతారు. పెళ్లికి ఇది అడ్డు కాదు. అయితే చేసుకోబోయే అబ్బాయికి ముందే చెప్పాలి. ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది మాత్రం అమ్మాయికే వదిలేయండి.