సునామీ హెచ్చరిక: సాయం ఎవరిది, బాధ్యత ఎవరిది?

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన సునామీ తమిళనాడు తీరానికి చేరడానికి సుమారు రెండు గంటలు పట్టింది. అయినా అక్కడ వేలమంది చనిపోయారు. పసిఫిక్‌లో 1965 నుంచే ఉన్న హెచ్చరిక వ్యవస్థ హిందూ మహాసముద్రంలో లేకపోవడమే కారణం. యునెస్కోకు చెందిన అంతర ప్రభుత్వ సముద్రశాస్త్ర కమిషన్ 2005లో తీరదేశాలను ఒక్కతాటిపైకి తెచ్చింది. 2007లో హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్)లో మన హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు అది కూడా ఈ ప్రాంత దేశాలకు సునామీ సమాచారం అందిస్తోంది. సొంత కేంద్రం ఉండగా ఇతరుల సాయం దేనికని అడగవచ్చు. ప్రమాదం పుట్టేది ఇండోనేషియాలోని సుమత్రా దగ్గరో, ఇరాన్, పాకిస్థాన్‌ల మక్రాన్ తీరంలోనో. ఆ దేశాల భూకంప నమోదు కేంద్రాలు, సముద్రమట్టాన్ని కొలిచే పరికరాలు పంపే వివరాలు అందకుంటే మన అంచనా సగమే. సాయం అందుకున్న దేశమే సాయం చేసేదిగా మారడం ఇక్కడ పట్టుకోవాల్సిన అసలు అంశం.

హెచ్చరిక వ్యవస్థ ఉన్నంత మాత్రాన ప్రాణాలు దక్కవన్న రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ. 2018లో ఇండోనేషియాలోని పాలూలో అలలు నిమిషాల్లోనే విరుచుకుపడ్డాయి. హెచ్చరిక చాలామందికి చేరనేలేదు. యంత్రాలు సమకూర్చినంత మాత్రాన పని పూర్తికాదు, జనాన్ని సిద్ధం చేయాల్సింది స్థానిక యంత్రాంగమే. యునెస్కో ‘సునామీ రెడీ’ గుర్తింపు ఉద్దేశం అదే. 2020లో ఒడిశా గ్రామాలు వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి దాన్ని పొందాయి. ఇదే దిశలో ‘అందరికీ ముందస్తు హెచ్చరికలు’ అంటూ 2022లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన కార్యక్రమానికి గడువు 2027.