నీడలో జన్యువు జాడ

శ్రీకాకుళం నుండి విశాఖపట్నానికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. కేన్సర్ సోకిన మన జిల్లాల వారనేకులు ఆ దారినే పోయి, అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడుపుతున్న హోమీ భాభా ఆసుపత్రి వంటి చోట్ల చికిత్స పొందుతున్నారు. పెద్దప్రేగు కేన్సర్ ఇతర అవయవాలకు పాకినప్పుడు, మందు నిర్ణయించే ముందు వైద్యుడు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. కణితిలో కేరాస్ అనే జన్యువు మార్పు చెందినదా, లేదా?

సెటక్సిమాబ్ అనే ఖరీదైన మందు కణం వెలుపలి గ్రాహకాన్ని మూసి, విభజన సంకేతాన్ని ఆపుతుంది. కేరాస్ చెడిన కణంలో ఆ సంకేతం లోపలనే ఎడతెగక పుడుతుంది. ఇక వెలుపలి తలుపు మూసి ప్రయోజనమేమి? ఈ కేన్సర్లలో దాదాపు 40 శాతం ఇట్టివే. తెలియక ఆ మందు వాడితే పేదవాని పొలం పోతుంది, వ్యాధి మాత్రం పోదు.

ఇందుకు కణితి ముక్కను తీసి పరీక్షించాలి. స్కాన్ ఎలాగూ తీస్తారు కదా, ఆ చిత్రమే జన్యువు సంగతి చెప్పరాదా అన్న ప్రశ్న నుండి రేడియోజీనోమిక్స్ అనే శాఖ పుట్టింది.

సి.టి. చిత్రం కేవలం నీడ కాదు. అందలి ప్రతి బిందువూ ఒక సంఖ్య. నీటికి 0, గాలికి మైనస్ 1000. ఈ కొలమానానికి హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు, సి.టి. యంత్రాన్ని రూపొందించినందుకు ఆయన 1979లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. కణితిలో ఈ సంఖ్యలు ఎంత సమంగా, ఎంత చెదురుగా ఉన్నవో కంప్యూటరు లెక్కిస్తుంది. జన్యుఫలితం ముందే తెలిసిన రోగుల చిత్రాలతో దానికి శిక్షణ ఇస్తారు. ఇందులో గారడీ ఏమీ లేదు. కేరాస్ మారిన కణాలు గ్లూకోజును అధికంగా పీల్చుకొంటాయి. పెట్ స్కాన్‌లో అవి మరింత ప్రకాశవంతంగా కనిపించవచ్చు. జన్యువు మారితే కణం నడత మారుతుంది, నడత మారితే చిత్రమూ మారవచ్చు.

అయితే చిక్కంతా ఆ 'వచ్చు'లోనే ఉన్నది. ఒక ఆసుపత్రి చిత్రాలతో నేర్చిన కంప్యూటరు మరొక ఆసుపత్రిలో తడబడుతుంది. యంత్రం మారినా, చిత్రపు పొరల మందం మారినా, రోగికెక్కించిన రంగుమందు మోతాదు మారినా సంఖ్యలు మారిపోతాయి. పైగా పలు అధ్యయనాలు కొద్దిమంది రోగులపైనే జరిగినవి. కాబట్టి ముక్క పరీక్షను మానిపించే అధికారం చిత్రానికి ఇంకా రాలేదు.

కాని ముక్కకూ ఒక లోపమున్నది. అది కణితిలో ఒక్క మూలను మాత్రమే చూపుతుంది. చిత్రమో, కణితినంతటినీ, కాలేయానికి పాకిన గడ్డలతో సహా చూపుతుంది. ఆ గడ్డలలో దేని తీరు తక్కిన వాటికి భిన్నంగా ఉన్నదో, సూది ఎక్కడ గుచ్చితే మేలో సూచించగల పని దానికి నేటికీ తగినదే.