తొమ్మిదేళ్లుగా వార్తలు రాస్తున్నాను, డిగ్రీ లేదు. నేను జర్నలిస్టును కానా?

సమస్య



మాది నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. నా వయసు 31. ఇంటర్ పాసై డిగ్రీలో చేరాను. రెండో ఏడాదిలో ఉండగా మా నాయన చనిపోయాడు. రెండెకరాల పొలం, అప్పు, చెల్లె పెళ్లి నా మీద పడ్డాయి. చదువు ఆగిపోయింది. ఆ తర్వాత ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా చేరాను. తొమ్మిదేళ్లుగా అదే పని. చేరేటప్పుడు ‘ఇది నా ప్రధాన వృత్తి కాదు, ఆసక్తి కొద్దీ వార్తలు పంపుతున్నాను’ అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అచ్చైన వార్తల లైన్ల లెక్కన నెలనెలా వచ్చే లైన్ అకౌంట్ బండి పెట్రోలుకు కూడా చాలదు. ఆగస్టు 15, దసరా, జనవరి 26 వస్తున్నాయంటే యాడ్స్ టార్గెట్. సర్పంచ్ దగ్గరికి, రైస్‌మిల్లు ఓనర్ దగ్గరికి యాడ్ కోసం పోయి, మళ్లీ వాళ్ల మీదే వార్త రాయాలి.

అయినా ఈ పనంటే నాకు ప్రాణం. మొన్న యాసంగిలో మా వడ్ల కొనుగోలు కేంద్రంలో తాలు (పొల్లు గింజలు), తేమ అని చెప్పి 40 కిలోల బస్తాకు రెండు కిలోలకు పైగా కోసుకుంటుంటే రైతులు నా దగ్గరికి వచ్చారు. రెండు రోజులు కాంటా దగ్గరే ఉన్నాను. కేంద్రంలో ఇచ్చిన తూకం చీటీలు, మిల్లులో దిగిన ట్రక్ షీట్లు పక్కపక్కన పెట్టి చూశాను. వార్త జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది. తహసీల్దార్ వచ్చి విచారణ చేశాడు. కోత ఆగింది.

ఈ మధ్య మా ప్రాంతం వార్తలు చూసే ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. నాకే వస్తుందనుకున్నా. డిగ్రీ లేదని, జర్నలిజంలో పీజీ చేసిన 24 ఏళ్ల అబ్బాయిని పంపారు. వచ్చిన వారానికే ఫోన్ చేసి ‘అన్నా, తాలు అంటే ఏంటి?’ అని అడిగాడు. అతని కింద నేను పనిచేయాలా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది డిప్లొమాకు 80 వేలు కడితే చానల్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా పట్టణంలో ఒకాయన 30 వేలిస్తే వేరే రాష్ట్రం యూనివర్సిటీ నుంచి పాత తేదీతో డిగ్రీ సర్టిఫికెట్ తెప్పిస్తా అంటున్నాడు, ‘అందరూ చేస్తున్నదే’ అంటున్నాడు. మా ఇంటామె మాత్రం ఇవన్నీ వదిలేసి మా బావమరిది ఎరువుల దుకాణంలో కూర్చోమంటోంది. మాకు ఒక పాప, వచ్చే ఏడు బడిలో వేయాలి.

డిగ్రీ లేకుంటే నేను జర్నలిస్టును కానట్టేనా? ఏం చేయమంటారు?

– ఒక మండల విలేకరి, నల్గొండ జిల్లా

సలహా

తమ్ముడూ,

ముందు ఆ 30 వేల సంగతి. ఆ మనిషితో ఇక మాట్లాడకండి. దొంగ సర్టిఫికెట్ పెట్టుకున్న రోజు నుంచి మీ మండలంలో ఎవరైనా మిమ్మల్ని ఒక్క మాటతో నోరు మూయించగలరు. మీరు ఎవరి తూకం చీటీలు బయటపెట్టారో వాళ్లే మీ సర్టిఫికెట్ బయటపెడతారు. పైగా అది నేరం, కేసు అవుతుంది, ఉద్యోగం పోతుంది. ‘అందరూ చేస్తున్నదే’ అంటున్నాడంటే ఇంకా ఎంతమందికి అమ్మాడో! అది మీ వార్త. ఆధారాలు చేతికి వచ్చాక రాయండి.

ఇక మీ ప్రశ్న. డిగ్రీ లేకపోయినా మీరు జర్నలిస్టే. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. వకీలు కావాలంటే లా డిగ్రీ కావాలని 1961 నాటి అడ్వొకేట్ల చట్టం చెబుతుంది. విలేకరికి అలాంటి చట్టం ఈ దేశంలో లేదు. రాజ్యాంగంలో పత్రికలకంటూ ప్రత్యేకంగా హక్కు రాయలేదు. 19(1)(ఎ) అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛే పత్రికా స్వేచ్ఛ. మాట్లాడటానికి డిగ్రీ అడగనప్పుడు రాయడానికి ఎలా అడుగుతారు? 2013 మార్చిలో ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్‌గా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ, జర్నలిస్టులకు కనీస విద్యార్హత ఉండాలంటూ అదేమిటో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సమాచార మంత్రి మనీశ్ తివారీ మరో అడుగు ముందుకేసి ఉమ్మడి పరీక్ష, లైసెన్సు అన్నారు. రెండూ చట్టం కాలేదు, కాకపోవడమే మంచిదైంది. లైసెన్సు ఇచ్చే చేతికి దాన్ని వెనక్కి తీసుకునే అధికారం కూడా ఉంటుంది. బ్రెజిల్‌లో సైనిక పాలన కాలంలో, 1969లో, జర్నలిజం డిప్లొమా తప్పనిసరి చేశారు. 2009లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. కారణం ఇదే, భావప్రకటన స్వేచ్ఛ.

మన దగ్గర చూసినా అంతే. ఉస్మానియాలో జర్నలిజం కోర్సు మొదలైంది 1954లో. అంతకు 28 ఏళ్ల ముందే, 1926లో, సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను వెతికి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊరూరా సమాచారం అడిగి రప్పించుకుని చేసిన పని అది, అసలైన రిపోర్టింగ్. కరువు జిల్లాలు తిరిగి 1996లో పుస్తకం తెచ్చిన పాలగుమ్మి సాయినాథ్ చదివింది చరిత్ర. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు నడిపిన ‘నవోదయం’ పత్రికలో విలేకరులు పల్లెటూరి ఆడవాళ్లే. బాల్యవివాహాల గురించి, నీళ్ల గురించి, సారా గురించి వాళ్లు రాసినంత దగ్గరగా పట్నం రిపోర్టరు రాయలేడు.

అయినా మీకు డిగ్రీ చదవమనే చెబుతాను. ఎందుకో చెప్పాలంటే మీరు బాధపడే మాట ఒకటి అనాలి.

అనుభవం అన్నీ నేర్పదు. కాంటా దగ్గర రెండు రోజులు ఉండటం మీకు అనుభవం నేర్పింది. చీటీని ట్రక్ షీట్‌తో పోల్చి చూడాలన్న ఆలోచన మీ తెలివి. కానీ అదే అనుభవం మండల విలేకరికి ఇంకా చాలా నేర్పుతుంది. ఎస్ఐ చెప్పిందే క్రైమ్ వార్త. ఎమ్మెల్యే మనుషులు వాట్సాప్‌లో పంపిందే కార్యక్రమం వార్త. ఆరోపణ రాస్తే చాలు, అవతలివాడి వివరణ అక్కర్లేదు. నేను చాలా ఏళ్లు డెస్క్‌లో పనిచేశాను. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్ల దగ్గర నుంచి కూడా అత్యాచార బాధితురాలి ఊరు, తండ్రి పేరు, చదివే బడి పేరుతో సహా కాపీలు వచ్చేవి. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పిల్లలను గుర్తుపట్టేలా ఏ వివరమూ రాయకూడదు. రాస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చు. పెద్దవాళ్ల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. జైలు మాట అటుంచండి. చిన్న ఊళ్లో తండ్రి పేరు వేస్తే ఆ పిల్ల మళ్లీ బడికి ఎలా పోతుంది? పరువునష్టం సంగతీ అంతే. ‘నేను నిజమే రాశాను’ అంటే సరిపోతుందని మన వాళ్లలో చాలామంది నమ్మకం. రాసింది నిజం కావాలి, దాన్ని ప్రచురించడం ప్రజల మేలు కోసమూ కావాలి. క్రిమినల్ కేసులో రెండూ చూస్తారు.

ఇవి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. వెనకటి రోజుల్లో కొత్త విలేకరి ఆఫీసుకు కాపీ తీసుకెళ్తే పెద్దవాళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని కొట్టేసేవారు, ఎందుకు కొట్టేశారో చెప్పేవారు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టి, తక్కిన పత్రికలూ ఆ దారి పట్టాక ప్రతి మండలానికీ ఒక విలేకరి అవసరమయ్యాడు. పల్లె వార్తకు చోటు దొరికింది, అది గొప్ప మార్పు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే రాష్ట్రమంతటికీ తెలిసింది పత్రికలు వాళ్ల వెంట నిలబడటం వల్లనే. కానీ అంతమంది విలేకరులను తయారుచేసే పని మాత్రం ఎవరూ సరిగ్గా చేయలేదు. తొమ్మిదేళ్లలో మీరు పంపిన వార్తలో ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఎవరైనా మీకు ఫోన్ చేసి చెప్పారా? చదువుకున్న అబ్బాయికి మీ కంటే ముందు దొరికింది అదే, రెండేళ్లపాటు తన కాపీని దిద్దిన మనిషి.

ఆ అబ్బాయి గురించి కూడా ఒక మాట. తాలు తెలియకపోవడం అతనికి లోటే. కానీ తెలియనప్పుడు ఫోన్ చేసి అడిగాడు. అడగకుండా తనకు తోచింది రాసిపారేసేవాళ్లతో నేను వేగాను కాబట్టి చెబుతున్నాను, అతను పనికొచ్చే మనిషి. అతన్ని ఒకసారి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లండి. తూర్పారబట్టిన వడ్లు ఎలా ఉంటాయో, తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో చూపించండి. మీ తర్వాతి వార్త పంపి, ఎక్కడెక్కడ దిద్దాడో చెప్పమని అడగండి.

ఇప్పుడు అసలు విషయం, జీతం. మీకు పోస్టు రాకపోవడానికి డిగ్రీ ఒక కారణం. మీకు జీతం లేకపోవడానికి కారణం మాత్రం చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన ఆ కాగితం. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం జర్నలిస్టు అంటే ఎవరో చెప్పిన చోట చదువు ప్రస్తావనే లేదు. ఎవరి ప్రధాన వ్యాపకం జర్నలిజమో, పత్రికలో ఎవరు పూర్తికాలమో పాక్షికకాలమో పనిచేస్తున్నారో వాళ్లే జర్నలిస్టులంది. ఆ చట్టాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపారు. ‘ప్రధాన వృత్తి కాదు’ అని మీ చేతే రాయించుకోవడం వెనక ఉన్నది చట్టంలోని ‘ప్రధాన వ్యాపకం’ అన్న ఆ ఒక్క మాటే. పొద్దున లేచింది మొదలు రాత్రి పేజీ వెళ్లేదాకా పత్రిక పని చేసే మనిషికి అది ఆసక్తి కొద్దీ చేసే పని ఎలా అవుతుంది? ఇది అన్యాయం. డిగ్రీ తెచ్చుకున్నంత మాత్రాన ఈ అన్యాయం తొలగిపోదు. మీ నియామక పత్రాలు, లైన్ అకౌంట్ చెల్లింపులు, మీకు అప్పగించిన పనుల మెసేజీలు, అచ్చైన వార్తలు అన్నీ తేదీల వారీగా దాచుకోండి. జిల్లాలో ఉన్న జర్నలిస్టు సంఘంతో, కార్మిక చట్టాలు తెలిసిన వకీలుతో మాట్లాడండి.

ఇక 80 వేల డిప్లొమా. వద్దు. ‘గ్యారంటీ’ అన్న మాటను కాగితం మీద రాసిమ్మని అడిగి చూడండి, అక్కడే తెలిసిపోతుంది. పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లు స్టైపెండ్ ఇచ్చి నేర్పుతాయి. కానీ వాటికి డిగ్రీ ఉండాలి, వయసు హద్దు ఉంటుంది. మీకు ఆ దారి ఇక కష్టం. మీరు చేయాల్సింది అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ. చేరడం. పనిచేసుకుంటూ చదివేవాళ్ల కోసమే 1982లో దాన్ని పెట్టారు. ఇంట్లో ఉండి చదవొచ్చు, ఇన్‌స్టిట్యూట్ అడిగిన డబ్బులో చిన్న భాగంతో డిగ్రీ పూర్తవుతుంది.

సబ్జెక్టుల దగ్గర నా మాట వినండి. ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ పాలన తీసుకోండి. వార్త రాయడం మీకు వచ్చు. మండల పరిషత్ బడ్జెట్ చదవడం, ఉపాధి హామీ లెక్కల్లో తేడా పట్టడం, ఏ జీవో కింద ఏ నిధి వచ్చిందో అడగడం నేర్చుకుంటే మీ జిల్లాలో మీతో సమానంగా రాసేవాళ్లు తక్కువమంది ఉంటారు. జర్నలిజమే చదవాలనిపిస్తే డిగ్రీ అయ్యాక తెలుగు విశ్వవిద్యాలయంలో ఆ కోర్సులున్నాయి, అప్పుడు చూసుకోవచ్చు. చదువుకు, వార్తకు రెంటికీ పనికొచ్చే సాధనం ఒకటి మీ చేతిలోనే ఉంది, 2005 సమాచార హక్కు చట్టం. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. నెలకొకటి పెట్టండి.

మీ ఇంటామె చెప్పింది కొట్టిపారేయకండి. ఆమె అడుగుతున్నది పాప బడి ఫీజు. డిగ్రీ పూర్తయ్యే ఈ మూడేళ్లూ ఇల్లు గడవాలి. బావమరిది దుకాణంలో పూటకు కొన్ని గంటలు కూర్చోండి, జీతం తీసుకోండి. ఒక్క షరతు. ఎరువుల ధరలు, కొరత, కల్తీ విత్తనాల వార్తలు మీరు రాయకండి. ఎందుకు రాయడం లేదో మీ ఇన్‌చార్జికి ముందే చెప్పండి. ఇక రైస్‌మిల్లుకు యాడ్ కోసం పోవడం మానండి. మానితే పత్రిక ఊరుకోదని తెలుసు. ఆ పని వేరే వాళ్లకు అప్పగించమని రాతపూర్వకంగా అడగండి. మీ తాలు వార్తకు రైతుల్లో ఉన్న విలువ ఆ యాడ్ డబ్బు కంటే పెద్దది.

మూడేళ్ల తర్వాత డిగ్రీతో మళ్లీ ఆ పోస్టు అడగండి. డిగ్రీ, అనుభవం రెండూ ఉన్న మనిషికి అప్పుడు కూడా జీతం ఇవ్వకపోతే ఆ పత్రికను వదిలి ఇంకో పత్రికకు వెళ్లండి. వార్తలు రాయడం మాత్రం మానకండి.