ఇనుప బండి ఎక్కిన చిన్నోడికి

మద్దేడ్

చిన్నోడా,

"కళ్ళకు గంతలు కట్టి బండి తోలమన్నట్టుంది పెద్దబాపూ" అని రాసినవు గదా, రెండుసార్లు చదివిన. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. జీపుకు మార్చమని అడగనా అంటున్నవు. అడగకు. మూడు వారాలకే అడిగేటోనికి జీపు కూడా ఇయ్యరు.

స్టీరింగ్ బరువు, క్లచ్ బరువు అని సగం కాగితం నింపినవు. వాటి సంగతి నేను చెప్ప. నెల రోజులు పోతే నీ భుజాలే నేర్చుకుంటయి. నువ్వు ఒక్క ముక్కల దాటేసిన మాట నాకు గుచ్చుకుంది: "ఇంత గట్టి బండికి గుంతలు చూసుకునే పనేముందని తోటోళ్ళు అంటున్నరు." ఎవడ్రా ఆ తోటోడు?

అసలు మందుపాతరలకు తట్టుకునే ఆ బండి గట్టితనం ఎక్కడుందో తెలుసుకో. అట్లాంటివి మన మెదక్ దిక్కు ఎద్దుమైలారం ఫ్యాక్టరీల చేస్తరు. వాటికి తాత దక్షిణాఫ్రికా క్యాస్పిర్. కిందికి వంగి చూడు, కడుపు పడవ అడుగులెక్క కోసుగా ఉంటది. మందుపాతర పేలితే ఆ దెబ్బ నేరుగ పైకి తన్నకుండ రెండు పక్కలకు జారిపోవాలని అట్ల చేసిండ్రు. చక్రం ఎగిరిపోయినా మనిషి మిగలాలె, అదీ లెక్క. అయితే కడుపును నేలకు దూరంగ లేపినందుకు బండి తలబరువైంది. వంపుల జోరు మీద తిప్పితే మందుపాతర అక్కర్లేదు, అదే పల్టీ కొడ్తది. లోపల బెల్టు పెట్టుకుంటే నవ్వుతున్నరని రాసినవు. నవ్వనీ. పేలినప్పుడు బెల్టు లేనోని తల పోయి ఇనుప కప్పుకు కొట్టుకుంటది. వెనక కూసున్న అందరూ బెల్టు పెట్టుకున్నరని చెప్పేదాక సెల్ఫు కొట్టకు.

2005 సెప్టెంబరుల బీజాపూర్ దగ్గరనే అట్లాంటి బండిని పేల్చిండ్రు. 24 మంది పోయిండ్రు. అప్పటికి బీజాపూర్ జిల్లా కాలేదు, దంతెవాడలనే ఉండె. నువ్వు అంగన్‌వాడికి పోతుంటివి. మందు ఎక్కువ పెడితే ఏ ఇనుమూ ఆగదని ఆనాడే తెలిసింది. అందుకే గదా, మన సడక్ మీద పొద్దుగాల రోడ్ ఓపెనింగ్ పార్టీ వాళ్ళు కల్వర్టు కల్వర్టుకు వంగి చూసుకుంట నడుస్తరు! బండ్లు లేక కాదు.

నేనూ ఒకప్పుడు నీ తోటోళ్ళలెక్కనే ఉంటి. నాది శక్తిమాన్. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతోని జబల్‌పూర్ల చేసిన లారీ. దాని బానెట్టు మీద పెళ్ళి భోజనం వడ్డించొచ్చు. ఆ బండికి అడ్డే లేదని నా గర్వం. అస్సాంల వరదలప్పుడు ఆటా బస్తాలు ఏసుకుని ఒక ఏటి ఒడ్డుకొచ్చిన. ముందు పోయిన లారీ టైరు గుర్తులు నీళ్ళల్లకు దిగి కనబడుతున్నయి. ఇంకేం, అదే దారి అనుకున్న. దిగి నడిచి చూద్దామంటే బూట్లు విప్పుడు బద్ధకం. నిజంగ అంతే చిన్నోడా, బూట్లు.

ఫస్టు గేరుల దిగిన. నడిమిట్లకు పోయినంక కుడి ముందు చక్రం కింద ఇసుక కరిగినట్టు జారింది. ముందు లారీ నీళ్ళల్ల దిగినంక ఎడమకు తిరిగి పోయిందట, నీటి కింద ఆ గుర్తు నాకెట్ల కనబడాలె? ఇంజను ఆగింది. వెనక బస్తాల మీద కూసున్న లాన్స్ నాయక్ ఎగిరి పడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నడు. నేను కంగారుల మళ్ళ సెల్ఫు కొట్టబోయిన. మా ఉస్తాద్ ఒడ్డు మీదికెళ్ళి ఒర్రిండు గనుక ఆగిన. సిలిండరుల నీళ్ళుండంగ సెల్ఫు కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతయి. అది నీకు క్లాసుల చెప్పే ఉంటరు.

ఆయన నన్ను తిట్టలే. నా చేతికి వెదురు కట్టె ఇచ్చి ఆ ఏటిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నాలుగుసార్లు నడిపించిండు. మూడోసారికి అరికాలుకు తెలిసింది, ఎక్కడ గులకరాయి, ఎక్కడ ఊబి ఇసుక. గులకరాయి మీద కట్టె టక్కుమంటది, ఇసుకల సప్పుడుండదు. సిగ్గేసింది. ఎందుకంటవా? తిమేడ్ దగ్గర ఇంద్రావతి మీద వంతెన లేనినాడు మా నాయిన ఏ వాగుకొచ్చినా ఎడ్లను నిలబెట్టి, ముల్లుగర్రతోని ముందు తనే దిగుతుండె. బండిల కూసుని అది రోజూ చూసిన కొడుకును నేను.

నీ బండిల నుంచి దిగుడు నీ ఇష్టం కాదని తెలుసు. ఎప్పుడు దిగాలె, ఎప్పుడు దిగొద్దన్నది కమాండర్ మాట, దానికి ఎదురు చెప్పకు. నేను చెప్పేది గ్రౌండుల చేసే పని. బండి ముంగట ఒక కట్టె నిలబెట్టమను. నువ్వు సీట్ల కూసో. కట్టె మొదలు నీకు కనబడేదాక ఒక్కొక్క అడుగు బండికి దూరంగ జరపమను. బండి నుంచి అక్కడికి టేపు పట్టి కొలువు. ఎన్ని అడుగుల నేల నీ కండ్లకు ఆనుతలేదో రాసి పంపు. ఎడమ దిక్కు అద్దం నుంచి కూడా కొలువు, అటు ఇంకా ఎక్కువుంటది.

మీ అమ్మ ఇప్పపువ్వు లడ్డూలు కట్టింది. బస్సుల వచ్చే పిలగాని చేతికిస్త. టేపు లేదని సాకు చెప్తవేమో, అది కూడా అందులనే పెట్టిన.

మీ పెద్దబాపు