జార్జ్‌టౌన్: సముద్రపు టంచున ఒక రాజధాని

దక్షిణ అమెరికా ఖండపు ఉత్తర తీరంలో, డెమెరారా నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసే చోట గయానా దేశపు రాజధాని జార్జ్‌టౌన్ ఉన్నది. పోటు వచ్చినపుడు సముద్రమట్టం ఆ నగరపు నేలకన్న ఎత్తుకు చేరుతుంది. అందుచేత యాత్రికుడు మొదట చూడవలసినది ఏ భవనమూ కాదు. తీరం వెంట సాగే సముద్రపు గోడ. ఆదివారం సాయంత్రాలలో నగరవాసులు అక్కడికి గాలి కోసం వస్తారు.

కాలువల చివర 'కోకర్లు' అనే తూము తలుపులుంటాయి. ఆటు సమయంలో తలుపెత్తి వాననీటిని వదలుతారు. పోటు రాగానే దించుతారు. చెరువు తూము నెరిగిన తెలంగాణ రైతుకు ఈ పని ఇట్టే బోధపడుతుంది. అయితే చెరువు తూము నీటిని పొదుపుగా వాడుకొనడానికి, కోకరు దానిని వదిలించుకొనడానికి. డచ్చివారి కాలంలో ఈ తీరపు కాలువలను, గట్లను ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలచేత తవ్వించారు.

1892లో ప్రారంభమైన సెయింట్ జార్జ్ కెథెడ్రల్ కలపతో కట్టిన చర్చి. దాని ఎత్తు సుమారు 43 మీటర్లు! 1881 నాటి స్టాబ్రోక్ మార్కెట్టు ఇనుప కట్టడము. దాని గడియారపు గోపురం దూరానికే కనిపిస్తుంది.

తెలుగు యాత్రికుడు ఎక్కువసేపు నిలిచే చోటు మరొకటి ఉన్నది. అది ఒక ఉద్యానంలోని 'విట్బీ' ఓడ కంచు ప్రతిమ. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులు కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1838 మే 5న విట్బీ, హెస్పెరస్ ఓడలు కలకత్తా నుండి గయానా తీరం చేరాయి. 1917 వరకు సుమారు 2,39,000 మంది అట్లా వచ్చారు. 1845 నుండి మద్రాసు రేవులోనూ ఓడలెక్కించారు. అందులో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం సాధారణంగా ఐదేండ్లు. పనికి రాకున్న జరిమానా, జైలు.

ఒప్పందం మీద గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు మల్లాపూర్, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో అనేకులు. వారికి విమానమున్నది, ఫోనున్నది. ఆనాటివారికి నెలల తరబడి ఓడ ప్రయాణము, ఆపైన మౌనము. కొందరు తిరిగివచ్చారు, ఎక్కువమంది అక్కడే స్థిరపడ్డారు. వారి మునిమనుమల మాట నేడు ఇంగ్లీషు. వీరాసామి, మునిసామి వంటి పేర్లు మాత్రం మిగిలినవి. వాటిని బట్టి తమిళులెవరో, తెలుగువారెవరో చెప్పడం కష్టము.